మేధకు పడే తీపి

రేపల్లె,
2003 ఆగస్టు.

అక్కా,

అందరం క్షేమమని మొదలుపెట్టడానికి చెయ్యి రావడం లేదు. నేరుగా విషయంలోకి వస్తాను. నిన్న హైదరాబాదు నుంచి తిరిగొచ్చాం. మేధ కడుపులోకి గొట్టం వేసి చూశారు. లోపల చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఆ జబ్బుకేదో ఇంగ్లీషు పేరుంది, నాకు నోరు తిరగలేదు. డాక్టరుగారు మాత్రం తెలుగులోనే చెప్పారు.

"మీ పాపకి గోధుమ పడదమ్మా. గోధుమపిండి, మైదా, రవ్వ, సేమ్యా, బ్రెడ్డు, బిస్కట్టు ఏవీ పెట్టకూడదు. కొన్నాళ్లు కాదు, ఎప్పటికీ."

"మందేమన్నా రాస్తారాండి?" అన్నాను.

"ఇదే మందు. పేగు లోపలి పొర అరిగిపోయింది. గోధుమ మానేస్తే అదే మెల్లగా మళ్లీ వస్తుంది. చిటికెడు లోపలికి వెళ్లినా మళ్లీ మొదటికొస్తుంది. పాలు కూడా కొన్ని నెలలు ఆపండి."

ఎనిమిదేళ్ల పిల్ల ఐదేళ్లదానిలా ఉంటుందని నువ్వే అన్నావు కదా. ఇప్పుడు చూస్తే ఆ మాట కూడా అనవు. చేతులు పుల్లలు, పొట్ట మాత్రం కుండ. రెండేళ్లుగా దానికి విరేచనాలు పట్టుకున్నప్పుడల్లా తేలిగ్గా అరుగుతుందని నేనేం పెట్టానో తెలుసా? బ్రెడ్డు. పాలలో ముంచిన రస్కు. గోధుమరవ్వ జావ. అది వద్దని మూతి తిప్పుకుంటే ముక్కు మూసి మరీ తాగించాను. రైల్లో దాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని దారంతా అదే తలుచుకున్నాను.

నువ్వు పంపిన రస్కుల డబ్బా అలమరలో ఉంటే తీసి గేదెకు పెట్టించాను. ఏమీ అనుకోకు.

ఇంట్లో ఫోనుంది గానీ అది ముందు గదిలో ఉంది. అక్కడ మామయ్యగారు ముహూర్తాలు చూస్తూ కూర్చుంటారు, వచ్చేపోయే జనం ఉంటారు. మేధ నాన్న కౌండిన్య బాపట్లలో స్కూలు చూసుకుని ఆదివారం ఒక్కటే వస్తారు. ఏడవకుండా ఫోనులో మాట్లాడలేను, అందుకే కాగితం తీసుకున్నాను.

ఒక్క సంగతి అడగాలి. మేధ అన్నం ముట్టడం లేదు. "నాకేం వద్దు" అని గోడవైపు తిరిగి పడుకుంటోంది. నిన్న పక్కింటి పిల్ల పుట్టినరోజని కేకుముక్క తెచ్చింది. నేను గుమ్మంలోనే వద్దని పంపేశాను. మేధ చూసింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. నువ్వు వీధి పిల్లలందరికీ కేకులు చేస్తావు కదా అక్కా. గోధుమ లేకుండా, పాలు లేకుండా, మనింట్లో గుడ్డు ఎలాగూ లేదు, ఇన్ని లేకుండా ఏదైనా తియ్యగా, మెత్తగా, దాని కడుపుకు బరువు కాకుండా చెయ్యడం కుదురుతుందా? కుదరకపోయినా కుదరదని వెంటనే రాయకు. కొన్నాళ్లు ఆశ ఉండనీ.

నీ
వైదేహి


తెనాలి,
2003 సెప్టెంబరు.

వైదేహీ,

కుదిరింది. ముందు ఆ మాట చదివి ఊపిరి పీల్చుకో, తర్వాత మిగతాది చదువు.

మొదటిది బియ్యప్పిండితో చేసిన కేకు. ఓవెన్ మూత తీస్తే చక్కగా పొంగి ఉంది. చాకు పెట్టానో లేదో, సముద్రం ఒడ్డున పిల్లలు కట్టిన గుడిలా రాలిపోయింది. రెండోది మీ బావ కొరికి, "బాలా, నా పన్ను ఉందో ఊడిందో చూడు" అన్నారు. మూడోది పైన మాడి లోపల పచ్చిగా ఉంది, మధ్యలో కరెంటు కూడా పోయింది. గోధుమలో ఒక సాగుడు ఉంటుంది, పిండిని పట్టి నిలబెట్టేది అదేనని నాకు ఇప్పుడు అర్థమైంది. మరి అది లేకుండా దేనితో నిలబెట్టాలి? వీధిలో నడుస్తున్నా అదే ఆలోచన. చివరికి సగ్గుబియ్యం నానబెట్టి రుబ్బి చూశాను. జిగురు దిగింది. కొల్లూరు లంకల నుంచి చక్కెరకేళి అరటిగెలలొస్తున్నాయి. బాగా మగ్గిన పళ్లు మెదిపి కలిపాను. పాలకు బదులు కొబ్బరిపాలు, కాస్త బెల్లం, చిటికెడు వంటసోడా, అంతే. మంచి పాత బియ్యం కడిగి నీడన ఆరబెట్టి, మా బజారు చివర సుందరయ్య మరలో పట్టించాను. మైదా అంత మెత్తగా పట్టిచ్చాడు. కేకు చాకుకు అంటకుండా తెగింది. ముక్క చేతిలో నిలబడింది! వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి చప్పట్లు కొట్టాను, నిజం.

దీంతోపాటు చిన్న బిస్కట్లు కూడా పెట్టాను, బియ్యప్పిండీ కొబ్బరిపొడీ కలిపి చేసినవి. కోటేశ్వరరావు మాస్టారు రోజూ ప్యాసింజర్లో మీ ఊరి స్కూలుకి వస్తారు, ఆయన చేతికే డబ్బా ఇచ్చి పంపుతున్నాను. ఒక్కసారిగా పెట్టకు. ముందు సగం ముక్క పెట్టు, వెంట గోరువెచ్చని గంజి పట్టించు. కడుపులో నిలిస్తే మర్నాడు ఇంకో సగం. పెద్దమ్మ నీకోసమే చేసిందని చెప్పు. ఎవరికీ పెట్టొద్దని, అంతా నీదేనని చెప్పు. అన్నీ కాదన్న పిల్లకు ఏదో ఒకటి పూర్తిగా తనది కావాలి.

రస్కుల సంగతి రాశావు. గేదెకు పెట్టి మంచి పని చేశావు.

అక్క
బాలాత్రిపురసుందరి


రేపల్లె,
2003 నవంబరు.

అక్కా,

వెంటనే రాయలేదని కోప్పడ్డావని తెలుసు. మొదట సంతోషంతో రాయలేదు, తర్వాత భయంతో రాయలేదు.

సంతోషం ముందు చెప్తాను. మేధ తింది. సగం ముక్క తిని, చేతికంటిన పొడి నాకి, "పెద్దమ్మ ఇంకా ఎప్పుడు పంపుద్ది?" అంది. బడికి బిస్కట్లు తీసుకెళ్లి, అందరికీ చూపించి, ఎవరికీ పెట్టకుండా తినొచ్చిందట. నువ్వు చెప్పినట్టే. నెల తిరిగేసరికి బుగ్గలకు రంగొచ్చింది. పొట్ట తగ్గింది. గౌను భుజాల మీంచి జారడం మానింది.

తర్వాత కార్తీకమాసం వచ్చింది. మామయ్యగారికి రోజూ ఎవరో ఒకరింట్లో సత్యనారాయణ వ్రతం. వ్రతమంటే గోధుమరవ్వ ప్రసాదం. ఆ రోజు ఆయన ఇంటికొచ్చేసరికి నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. లోపలికొచ్చి చూస్తే మేధ ఆయన ఒళ్లో కూర్చుని ఉంది. నోరు నేతితో మెరుస్తోంది.

"ఏంటండీ మామయ్యగారూ ఇది?" అని అరిచాను.

"రవ్వంతేనమ్మా. స్వామి ప్రసాదం. చెయ్యి చాపిన పిల్లకి లేదనకూడదు."

"డాక్టరుగారు చిటికెడు కూడా వద్దన్నారు కదండీ!"

ఆయన నా వైపు వింతగా చూశారు. "అరవై ఏళ్లుగా ఈ చేత్తో ఎందరికో పెట్టానమ్మా. ప్రసాదం విషమవుతుందా ఎక్కడైనా?" అన్నారు. గద్దించి అనలేదు. నిజంగా అడిగారు.

సాయంత్రానికి మేధ మెలికలు తిరిగిపోయింది. వాంతులు, విరేచనాలు. మళ్లీ మంచం పట్టింది. ఆయన రాత్రీ పగలూ దాని తల దగ్గర కూర్చున్నారు. నేను మాట్లాడలేదు. చివరికి ఆయనే మేధ తల మీద చెయ్యి పెట్టి, "ఇంకెప్పుడూ పెట్టను" అన్నారు. కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నమ్మాలనే ఉంది అక్కా. కానీ ఆయన బయటి నుంచి వచ్చిన ప్రతిసారీ నా కళ్లు ఆయన చేతుల వైపు పోతున్నాయి.

వైదేహి


తెనాలి,
2003 నవంబరు.

వైదేహీ,

మీ మామగారిని మరీ కసరకు. బాబాయిగారు పెట్టింది ప్రేమతోనే కదా. మీ అత్తగారు పోయాక ఆ పిల్లే ఆయనకు లోకం. ఒట్టు వేశారు, నిలబెట్టుకుంటారు.

పిల్ల కోలుకోవాలంటే ఇప్పుడు ఒంటికి పట్టే తిండి కావాలి. అన్నం ముట్టదంటున్నావు, నా డబ్బా అంటే చేతులు చాస్తుందంటున్నావు. అయితే ఆ దారినే పోదాం. ఇక వారం వారం పంపుతాను. బిస్కట్లు రెట్టింపు చేశాను. బెల్లం, వేయించిన నువ్వులు కలిపి బియ్యప్పిండితో కొత్తరకం బిళ్లలు కాల్చాను, వేలితో నొక్కితే పొడయ్యేంత మెత్తగా వచ్చాయి. పొద్దున రెండు, బళ్లో రెండు, సాయంత్రం కేకుముక్క. బియ్యం ఒక్కసారే ఎక్కువ పట్టించి డబ్బాల నిండా పోసుకున్నాను. మీ బావ ఇంట్లో చపాతీల మాటే ఎత్తడం లేదు, పాపం. నా ఓవెన్‌లో మైదా ముట్టడం మానేశాను, వీధి పిల్లల కేకులు కూడా ఆపేశాను.

దాన్ని తిననీ. దిగులు పెట్టుకోకు.

అక్క


రేపల్లె,
2003 డిసెంబరు.

అక్కా,

మళ్లీ మొదటికొచ్చింది.

ఈసారి ఒక్కసారిగా కాలేదు. మెల్లగా వచ్చింది. ముందు కడుపుబ్బరం అంది. తర్వాత రోజూ విరేచనాలు. పొట్ట మళ్లీ కుండ. బడి మాన్పించాను. మెట్టు ఎక్కలేక మెట్టు మీదే కూర్చుండిపోతోంది. అన్నం లేదు. ఎలాగోలా బతిమాలి నీ బిళ్లలు మాత్రం తినిపిస్తున్నాను. అవి కూడా లేకపోతే ఏమయ్యేదో.

నేను ఏం వండినా నా చేతులతోనే. ఇంగువలో కూడా గోధుమపిండి కలుపుతారని ఎవరో చెబితే ఇంగువ మానేశాను. మరి ఎక్కడి నుంచి వస్తోంది? ఇంట్లో ఉన్నది ముగ్గురం. నేను పెట్టలేదు. అది తెచ్చుకోలేదు.

మొన్న మామయ్యగారు ఎవరింట్లోనో వ్రతం చేయించి వచ్చి స్నానానికి వెళ్లారు. దండెం మీద వేసిన ఉత్తరీయం తీసి చూశాను. కొంగున ముడి ఉంది. విప్పితే ప్రసాదం.

ఆయన బయటికొచ్చేదాకా కూడా ఆగలేదు. "ఒట్టు వేశారు కదండీ! పసిపిల్ల నెత్తిన చెయ్యి పెట్టి మరీ వేశారు!"

"ఏంటమ్మా?" అంటూ బయటికొచ్చి నా చేతిలో ఉత్తరీయం చూశారు. "ఓహో, అదా. అది ఆవు కోసమమ్మా. ఎవరో భక్తితో చేతిలో పెడతారు, పారెయ్యలేను. పిల్లకి పెట్టలేను. రోజూ దారిలో ఆవుకి పెట్టి వస్తున్నాను. ఇవాళ ఆవు కనపడలేదు."

"మరి దానికి మళ్లీ ఎందుకొచ్చిందండీ? గాల్లోంచి వచ్చిందా?"

"నేను పెట్టలేదమ్మా."

"మీరే దాన్ని చంపేస్తున్నారు."

అన్నాను అక్కా. మామగారిని, ఆ మాట అన్నాను. ఆయన తడిబట్టతో అలాగే నిలబడిపోయారు. తర్వాత అరుగు మీదికి వెళ్లి కూర్చున్నారు. భోజనానికి లేవలేదు. ఆదివారం కౌండిన్య వచ్చి ఇద్దరి మాటా విన్నారు. "నాన్నా, మీరు నిజం చెప్పండి" అని ఒక్కసారే అడిగారు. ఆయన కొడుకు మొహం వైపు చూసి, లేచి పెరట్లోకి వెళ్లిపోయారు.

మేము బాపట్ల వెళ్లిపోతున్నాం. కౌండిన్య స్కూలు దగ్గర ఒక గది ఉంది, అందులోనే ఉంటాం. డబ్బా ఇకపై అక్కడికే పంపు. రైలు మెయిన్ లైను కాబట్టి నీకు ఇంకా సులువే.

వైదేహి


తెనాలి,
2004 జనవరి.

వైదేహీ,

బాపట్ల అడ్రసు లేకుండా ఉత్తరం వేస్తే డబ్బా ఎక్కడికని పంపను? అది తెలియక ఒకటి రేపల్లెకే పంపాను. మాస్టారు తిరిగి తెచ్చేశారు. "పెద్దాయన ఒక్కరే ఉన్నారండి. డబ్బా చేతికిస్తే మూత తీసి వాసన చూసి, మళ్లీ మూత పెట్టి నాకే ఇచ్చారు. పిల్ల ఇక్కడ లేదండి, వాళ్ల దగ్గరికి చేర్చండి అన్నారు" అని చెప్పారు.

అడ్రసు మీ ఆయన స్కూలుకు ఫోను చేసి కనుక్కున్నాను. దీనితో రెండు డబ్బాలు పంపుతున్నాను. పిల్ల ఎలా ఉందో నాలుగు ముక్కలైనా రాయి. నువ్వు రాయకపోతే నేను ఏవేవో ఊహించుకుంటున్నాను.

అక్క


బాపట్ల,
2004 ఫిబ్రవరి.

అక్కా,

రాయకపోవడానికి కారణం, రాస్తే నువ్వు పరిగెత్తుకుని వస్తావని. ఇక దాచలేను.

ఈ గదిలో మేము ముగ్గురమే. మా ఇంటికి ఎవరూ రారు. వ్రతాల్లేవు, ప్రసాదాల్లేవు. అన్నం, గంజి, నీ డబ్బా, అంతే. అయినా అది ఎండిపోతోంది. మొన్న నిలబడబోయి నా చేతుల్లోనే కూలబడింది. ఇక్కడి ఆసుపత్రిలో సెలైను ఎక్కించారు. నరం దొరక్క మూడు చోట్ల గుచ్చారు. ఏడవడానికి కూడా ఓపిక లేదు దానికి, కళ్లు మూసుకుని ఉంది. మళ్లీ హైదరాబాదు తీసుకెళ్లమన్నారు. ఇంత నీరసంలో రైలెక్కించడానికి భయంగా ఉంది.

అంటే మామయ్యగారు పెట్టలేదు అక్కా. ఆయన పెట్టలేదు. ఇక్కడ ఆయన లేరు కదా.

మరెవరిని అనాలి? దేవుణ్ణి అందామంటే, ఆయన ప్రసాదాన్ని తిట్టిన నోరిది. డాక్టరు చెప్పింది తప్పేమో అనుకుంటే, అసలు జబ్బు ఇంకేదో ఉందేమోనని భయమేస్తోంది. కౌండిన్య రాత్రి భోజనం దగ్గర కంచం ముందు కూర్చుని చెయ్యి కడిగేసుకుంటున్నారు. తండ్రి మాట తలవడం లేదు. మేధ మాత్రం తలుస్తోంది. "తాతయ్య ఎందుకు రాడు? నేనేం చేశాను?" అని అడిగింది.

ఇంకో మాట. నిన్న నీ కేకుముక్క నోటి దగ్గర పెడితే తల తిప్పుకుంది. "అమ్మా, పెద్దమ్మ కోప్పడుద్దా? నాకింక కేకు వద్దు. తింటే నొప్పొస్తది" అంది. అది తినే ఈ ఒక్కటి కూడా వద్దంటే ఎలాగని నేను బతిమాలాను. బెదిరించాను. తినకపోతే మళ్లీ సూది వేయిస్తానన్నాను. తింది.

నాకు దారి కనపడటం లేదు అక్కా.

వైదేహి


తెనాలి,
2004 ఫిబ్రవరి.

వైదేహీ,

ఈ ఉత్తరం మీ బావ చేతికిచ్చి మొదటి రైలుకే పంపుతున్నాను. మిగతాది చదవకముందే మేధ నోట్లో నా డబ్బాలోది ఏదైనా ఉంటే తీసెయ్. ఉన్నవన్నీ పారెయ్. ఒక్క పొడి కూడా మిగల్చకు.

నీ ఉత్తరంలో పిల్ల అన్న మాట చదివాను. తింటే నొప్పొస్తది. నా వంటింట్లో గోధుమ లేదు. గిన్నెలు వేరు, జల్లెడ వేరు. మరి నొప్పెందుకు? ఉన్నపళంగా లేచి ఇంత బియ్యం పట్టుకుని మరకు వెళ్లాను. ఇన్నాళ్లూ బియ్యం పనిమనిషి చేత పంపేదాన్ని, ఎప్పుడూ లోపలికి వెళ్లి చూడలేదు. నాకు ముందు ఒకావిడ పోయించుకుంటోంది. గోధుమలు. ఆవిడ పిండి పట్టుకుని వెళ్లగానే సుందరయ్య అదే మరలో నా బియ్యం పొయ్యబోయాడు.

"ఆగు సుందరయ్యా. ముందువాళ్ల పిండి లోపల ఉండదా?"

"ఉండదండి. పిండి దిగే గుడ్డగొట్టం రెండుసార్లు దులుపుతానుగా."

గొట్టాన్ని నేను పట్టుకుని దులిపాను. నా చీర తెల్లబడింది. ఒకసారి దులిపితే ఒక పొర, ఇంకోసారి దులిపితే ఇంకో పొర. గోధుమపిండి వాసన. అతను భయపడిపోయాడు. "ఏంటమ్మా, ఏమైందమ్మా? అందరికీ ఇట్టాగే పడతామండి" అన్నాడు. అతని తప్పేముంది? అతనికెవరు చెప్పారు?

మొదట్లో చిన్న చిన్న ముక్కలు తింది కాబట్టి కొంత కోలుకుంది. తర్వాత రెట్టింపు చేసింది నేనే. వారం వారం పంపింది నేనే.

ఇంకేం రాయను? గంజి, అన్నం పెట్టు. ఇంట్లో కడిగి నువ్వే దంచినవి తప్ప ఏ పిండీ వాడకు. డాక్టరుకు ఈ సంగతి చెప్పు. మీ బావను అక్కడే ఉంచుకో, మందులకు, ఆసుపత్రికి తిరగడానికి పనికొస్తారు. నేను రానా? నువ్వు రమ్మంటేనే వస్తాను.

అక్క


బాపట్ల,
2004 మార్చి.

అక్కా,

బావగారు చెప్పే ఉంటారు. నొప్పి తగ్గింది. విరేచనాలు ఆగాయి. అన్నంలో చారుపోసి మెత్తగా పిసికి పెడితే నాలుగు ముద్దలు తింటోంది. హైదరాబాదు డాక్టరుగారికి ఫోనులో మర సంగతి చెబితే, "అదే అయ్యుంటుంది. మేమూ మర గురించి చెప్పి ఉండాల్సింది" అన్నారు. ఒళ్లు రావడానికి చాలాకాలం పడుతుందట.

నిన్ను తిట్టడానికి ఉత్తరం మొదలుపెట్టి చించేశాను. ఇంకోటి మొదలుపెట్టాను, అదీ చించేశాను. నొప్పి అంటున్న పిల్లను సూది పేరు చెప్పి బెదిరించి తినిపించింది నేను కదా. నిన్ను ఏమని తిట్టను? రెండు రోజులు నీ మీద కోపం ఉంది, అది మాత్రం నిజం. ఇప్పుడు లేదు. ఉంటే చెప్పేదాన్ని.

కానీ అది తీపి ముట్టడం లేదు అక్కా. బెల్లంముక్క పెట్టినా, అరటిపండు ఒలిచినా అనుమానంగా చూస్తోంది. "ఇది పెద్దమ్మది కాదుగా?" అని అడుగుతోంది. నువ్వు ఎంత బాధపడతావో తెలిసే రాస్తున్నాను. ఇంతవరకు దాచి దాచి ఏం బాగుపడ్డాం?

మామయ్యగారికి రాయాలి. కాగితం మీద 'మామయ్యగారికి' అని రాసి అక్కడే ఆగిపోతున్నాను. కౌండిన్య కూడా అంతే. నువ్వు వెళ్లగలవా? మా బదులు క్షమాపణ చెప్పమనడం లేదు. ఆయన పెట్టలేదని మాకు తెలిసిందని మాత్రం చెప్పు.

వైదేహి


రేపల్లె,
2004 ఏప్రిల్.

వైదేహీ,

మీ ఇంట్లో కూర్చుని నీకు ఉత్తరం రాస్తున్నాను. వచ్చి మూడు రోజులైంది. వెళ్లిపోదామనుకున్నాను గానీ కుదరలేదు, ఎందుకో చెప్తాను.

బాబాయిగారు చిక్కిపోయారు. తనే వండుకుంటున్నారు. కిరసనాయిలు స్టవ్ మీద ఇంత అన్నం, ఊరగాయ. వ్రతాలకు వెళ్లడం మానేశారట. అడిగినవాళ్లకు ఇంకో పురోహితుణ్ణి చూపిస్తున్నారు. ఎందుకని అడిగితే, "కథంతా చెప్తానమ్మా. ప్రసాదం దగ్గరికి వచ్చేసరికి పళ్లెం మీద చెయ్యి వెయ్యలేకపోతున్నాను" అన్నారు.

నేను మర సంగతి మొత్తం చెప్పాను. ఏదీ దాచలేదు. నీ మాట కూడా చెప్పాను. నన్ను తిడతారనుకున్నాను. నిన్ను తిడతారనుకున్నాను.

"పాపం వైదేహి. ఎంత భయపడిపోయిందో పిచ్చిపిల్ల" అన్నారు.

నాకు ఏడుపాగలేదు. ఆయనే మళ్లీ అన్నారు: "మొదటిసారి పెట్టింది నేనేగా అమ్మా. ఒకసారి పెట్టినవాణ్ణి రెండోసారి నమ్మమంటే ఎట్లా నమ్ముతుంది? నేనైనా నమ్మను."

తర్వాత లేచి పెరట్లోకి వెళ్లారు. కొట్లో సామానంతా జరుపుతున్న చప్పుడు. వెళ్లి చూస్తే, మీ అత్తగారి తిరగలి బయటికి దొర్లిస్తున్నారు. "ఇది ఏళ్లుగా వాడలేదమ్మా. పప్పులు తప్ప ఇందులో ఏమీ వేసేది కాదు మా ఇంటావిడ. అయినా కడుగుదాం" అన్నారు. మనిషిని పిలిపించి అరిగిన రాళ్లకు కొత్తగా గంట్లు పెట్టించారు. వేడినీళ్లతో కడిగి, ఎండలో పెట్టి, మళ్లీ కడిగారు. మొదట విసిరిన బియ్యప్పిండి మొత్తం ఆవుకు వేయించారు, అది తిరగలిని శుభ్రం చెయ్యడానికట. ఆ తర్వాతే మేధకోసం బియ్యం పోశారు.

నేను విసురుతానంటే ఒప్పుకోలేదు. కాళ్లు చాపుకుని కూర్చుని తనే విసిరారు. కాసేపు విసరడం, ఆయాసం తీర్చుకోవడం, మళ్లీ విసరడం. జల్లించడం మాత్రం నాకిచ్చారు. నాకు కేకు చెయ్యాలంటే భయం వేసింది వైదేహీ, నిజం చెప్తున్నాను. ఇక్కడ ఓవెన్ ఎక్కడిది? కుక్కర్లో ఇసుక పోసి, లోపల గిన్నె పెట్టి కాల్చాను. ఆయన స్టవ్ పక్కనే పీట వేసుకుని కూర్చుని, "పొంగిందా అమ్మా?" అని అడుగుతూనే ఉన్నారు. "మూత తియ్యకూడదు బాబాయిగారూ" అంటే, చంటిపిల్లాడిలా సరేనని తలూపి, మళ్లీ కాసేపటికి, "ఇప్పుడు పొంగిందా?"

పొంగింది. కొంచెం పగిలింది గానీ బాగానే ఉంది. పోస్టులో పంపనంటున్నారు. ఎవరి చేతికీ ఇవ్వనంటున్నారు. రేపు పొద్దున్నే బస్సుకు తనే బయల్దేరుతారు. ఈ ఉత్తరం ఆయన సంచీలోనే పెడుతున్నాను. కాబట్టి నువ్వు ఇది చదివేసరికి ఆయన నీ గుమ్మంలో ఉంటారు.

నేను రావడం లేదు. పిల్ల నన్ను చూస్తే తినదేమో.

అక్క


బాపట్ల,
2004 ఏప్రిల్.

అక్కా,

ఆయన వచ్చారు. ఎండలో బస్టాండు నుంచి నడిచి వచ్చారు. గుమ్మంలో నిలబడి, "లోపలికి రావచ్చా అమ్మా?" అని అడిగారు. సొంత కోడలి ఇంటికి వచ్చిన మనిషి ఆ మాట అడిగారు. నేను అక్కడే ఆయన కాళ్ల మీద పడిపోయాను. ఏం మాట్లాడానో నాకు తెలియదు. ఆయన నా తల మీద చెయ్యి వేసి, "లేమ్మా. ముందు కాళ్లకి నీళ్లివ్వు, ఎండ చుర్రుమంటోంది" అన్నారు. స్కూలు నుంచి కౌండిన్య వచ్చి చూసి, మాట్లాడకుండా తండ్రి సంచీ తీసి లోపల పెట్టి, ఆయన పక్కన కూర్చున్నారు.

మేధ మంచం మీద నుంచి చూస్తోంది. దిగి పరిగెత్తే ఓపిక లేదు. ఆయనే వెళ్లి పక్కన కూర్చున్నారు. డబ్బా మూత తీశారు.

"ఇదేంటి తాతయ్యా?"

"కేకు."

దాని మొహం మారిపోయింది. గోడవైపు జరిగింది.

"ఇందులో బియ్యం, అరటిపండు, కొబ్బరి ఉన్నాయమ్మా. బియ్యం నేనే విసిరాను. ఇదిగో, చేతులు చూడు." చూపించారు అక్కా. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి.

మేధ ఆ బొబ్బను వేలితో తాకింది. "నొప్పా?"

"కొంచెం."

కాసేపు ఆలోచించి, "అయితే ముందు నువ్వు తిను" అంది.

ఆయన ఒక ముక్క విరిచారు. ఒక్క క్షణం దాన్ని చేతిలో పట్టుకుని ఉన్నారు. తర్వాత నోట్లో పెట్టుకుని, నమిలి మింగేశారు. మేధ ఆయన గొంతు వైపే చూస్తోంది. "నొప్పొచ్చిందా?" "రాలేదు." "కాసేపాగి చెప్పు." సరేనని ఆగారు. కాసేపటికి మళ్లీ అడిగింది. రాలేదన్నారు. అప్పుడు చెయ్యి చాపింది. గోరంత ముక్క. తర్వాత ఇంకో గోరంత.

నేను భోజనానికి కంచం పెట్టబోతే, "నాకొద్దమ్మా, ఇవాళ నీళ్లే" అన్నారు. అప్పుడు చూశాను గోడ మీది క్యాలెండరు. ఏకాదశి. నాకు పెళ్లయిన ఇన్నేళ్లలో ఏకాదశినాడు ఆయన ఒక్క మెతుకు ముట్టడం నేను చూడలేదు. జ్వరంలో కూడా ముట్టలేదు. కంచం తీసి లోపల పెట్టేశాను.

ఆ రాత్రి ఎవరం నిద్రపోలేదని వేరే చెప్పక్కర్లేదు. అది ఎప్పుడు మెలికలు తిరుగుతుందా అని చూస్తూ కూర్చున్నాం. తిరగలేదు. నిద్రలో ఆయన వేలు పట్టుకుని పడుకుంది.

నువ్వు రావాలి అక్కా. అది తినదేమోనని రాశావు. మానేస్తే మానేస్తుంది, మళ్లీ అలవాటవుతుంది. తాతయ్య ఇక్కడే ఉంటారు, మేం పంపం. తిరగలిని రేపల్లె నుంచి తెప్పించాలట. నీ ఓవెన్ కూడా పట్టుకురా. ముందున్న కాలం తేలికేమీ కాదు. దీన్ని బడికి పంపాలి, పెళ్లిళ్లకు, పేరంటాలకు పంపాలి. ఎక్కడ ఎవరు ఏం పెడతారోనని జీవితాంతం కాపలా కాయాలి. అది తలుచుకుంటే ఇప్పటికీ భయమే.

కానీ ఇవాళ పొద్దున్న జరిగింది చెప్పి ఆపేస్తాను. రెండేళ్లుగా దానికి నేనే వెంటపడి పెట్టాను. అన్నమని ఎప్పుడూ అది అడగలేదు. ఇవాళ కళ్లు తెరిచి కాసేపు పైకప్పు వైపు చూసి, "అమ్మా, ఆకలేస్తోంది" అంది.

స్టవ్ వెలిగించడానికి నాలుగు అగ్గిపుల్లలు పట్టాయి అక్కా.

నీ
వైదేహి